ఒక్కరూ వెళ్ళని రోజు

నా ఫోను రోజూ పొద్దున్నే చరిత్రలో ఈ రోజు ఏం జరిగిందో నాలుగు ముక్కలు చూపిస్తుంది. ఎక్కడో ఒక రాజు గద్దె దిగాడు, ఎవరో కొత్త నక్షత్రాన్ని కనిపెట్టారు, ఏదో దేశం జెండా మార్చుకుంది. పళ్ళు తోముకుంటూ చదివి మర్చిపోతాను. ఇవాళ నాలుగో ముక్క దగ్గర బ్రష్షు నోట్లోనే ఉండిపోయింది. దేశమంతా రైళ్ళు ఆగిపోయిన పెద్ద సమ్మె ఈ రోజే మొదలైందట. లక్షల మంది పనిలోకి వెళ్ళలేదట.

అప్పటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. టీ పొంగబెట్టి స్టవ్వంతా పాడుచేశాను. పుస్తకం తెరిచి ఒకటే పేజీ మూడుసార్లు చదివాను. ఎండ ముదరకముందే స్కూటీ తీసి, బెంగాలీల నడుమ ఉన్న మా రైల్వే ఊళ్ళో సుభాష్‌పల్లి నుంచి న్యూ సెటిల్‌మెంట్ దాకా ఊరికే వెళ్ళొచ్చాను. మా పాత రైల్వే క్వార్టర్ల వరస, మేం లైను అనేది, ఇంకా నిలబడే ఉంది. తలుపులూ కిటికీలూ ఎవరో ఊడదీసుకుపోయారు. ఇవి వాడకం మానేసిన ఇళ్ళు అని గోడ గోడకీ నల్లరంగుతో ఇంగ్లీషులో రాసిపెట్టారు. మా వంటింట్లో జిల్లేడు నా ఎత్తు పెరిగింది. లోపలికి వెళ్దామని గడప దాకా నడిచి, ఎందుకో వెనక్కి వచ్చేశాను.

ఇప్పుడు సాయంత్రం. డైరీ తీశాను. ఒక్క పేజీతో అయ్యేది కాదని తెలుసు.

నాకప్పుడు పదకొండేళ్ళో పన్నెండేళ్ళో. మా తెలుగు బడి గేటు పక్కన గోడలోనే కట్టిన సిమెంటు బోర్డు ఒకటి ఉండేది. దాని నెత్తిన తెల్ల పెయింటుతో 'చరిత్రలో ఈ రోజు' అని ఉండేది. కింద రోజూ పొద్దున్న ప్రార్థన గంట కొట్టేలోపు కొత్తగా రాయాలి. ఆ పని తెలుగు మాస్టారు నాకు అప్పగించారు. క్లాసులో నేను నోరు విప్పేదాన్ని కాదు. హాజరు పిలిచినా చెయ్యెత్తేదాన్ని తప్ప పలికేదాన్ని కాదు.

"నీ గొంతు వినే యోగం నాకు లేదులే. నీ చేతిరాతైనా నలుగురూ చూడనీ," అన్నారు మాస్టారు.

బోర్డు వీధి వైపు ఉండేది. బడిపిల్లలే కాదు, పాలకీ చేపలకీ వెళ్ళేవాళ్ళు, రైల్వే వర్క్‌షాపుకి సైకిళ్ళ మీద పోయేవాళ్ళు, అందరూ చదివేవాళ్ళు. ఆ రోజుల్లో గాలిదుమ్ము ఎక్కువ. మామూలు చాక్‌పీసు రాత మధ్యాహ్నానికి చెరిగిపోయేది. అందుకని చాక్‌పీసుల్ని రాత్రంతా పంచదార నీళ్ళలో నానబెట్టి తడిగా ఉండగానే రాసేదాన్ని. ఆరాక అక్షరం పాలలా తెల్లగా మెరిసేది, చేత్తో తుడిచినా పోయేది కాదు. మర్నాడు నీళ్ళు పోసి కొబ్బరిపీచుతో రుద్దాల్సిందే. ఒక్కటే చిక్కు, తీపికి చీమలు పట్టేవి. ఎర్రచీమలు వరస కట్టి 'యుద్ధం' మీద నడిచి, 'శాంతి' మీదుగా దిగి గోడ పగుల్లోకి వెళ్ళేవి.

ఏ రోజు ఏం జరిగిందో చెప్పడానికి మాస్టారి దగ్గర ఒక లావుపాటి పుస్తకం ఉండేది. దాంట్లో ఎండాకాలం నెలల్ని చెదలు తినేశాయి.

"ప్రపంచ చరిత్ర చెదల పాలైంది గనక మన ఇళ్ళల్లో వెతుక్కో. పెద్దవాళ్ళని అడుగు," అన్నారు.

అడగడమంటే నాకు ప్రాణసంకటం. నోటుబుక్కు గుండెకి పట్టుకుని గుమ్మాల దగ్గర నిలబడేదాన్ని, వాళ్ళే 'ఏటమ్మా?' అనేదాకా. ముందు మా మామ్మతో మొదలుపెట్టాను. మామ్మ అంటే నాన్న తల్లి. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ చుట్ట కాలుస్తూ పనసపొట్టు కొట్టేది. ఆ చుట్ట వాసనా, పనస జిగురు వాసనా, తాలింపులో ఆవపిండి ఘాటూ కలిసి ఉండే వంటిల్లు అది.

"తారీకులు నాకేటి తెలుసే గుంటా? మీ నాన్న కడుపున ఉన్నప్పుడు ఆకాశంలో తోకసుక్క ఒచ్చినాది. రాసుకో."

"ఏ తేదీ మామ్మా?"

"పనసకాయలు ఇంకా ముదరలేదు."

రెండో ఇంట్లో రిటైరైన గార్డు తాతకి అన్నీ రైళ్ళతోనే గుర్తు. "అది మెయిలు నాలుగ్గంటలు లేటైన రోజమ్మా," అనేవాడు. మూల మీద ముడీలు, అంటే మరమరాలు, అమ్మే దాదా అన్నీ బెంగాలీ నెలల్లో చెప్పి, "ఇంగ్లీషు తారీఖ్ తుమీ దేఖే నావ్," ఇంగ్లీషు తేదీ నువ్వే చూసుకో అని, పొట్లం కట్టుకునేవాడు. అందరికీ అన్నీ గుర్తే. తేదీలు మాత్రం ఎవరికీ లేవు.

ఒకరోజు ఏమీ దొరకలేదు. గంట కొట్టే వేళైంది. 'ప్రపంచంలో మొట్టమొదటి గొడుగు తయారైన రోజు ఇదే' అని రాసేశాను. అది నేను చేసిన మొదటి దొంగపని. రోజంతా ఎవరు నవ్వినా నన్ను చూసే నవ్వుతున్నారనుకున్నాను.

గొడుగే ఎందుకు తోచిందంటే, బోర్డుకి ఎదురుగా ముడీ దాదా దుకాణం చూరు కింద గొడుగుల తాత కూర్చునేవాడు. మా లైనులోనే ఆ చివరి ఇల్లు. వర్క్‌షాపులో పనిచేసి రిటైరైనవాడు. మధ్యలో కొన్నేళ్ళు ఉద్యోగం పోతే గొడుగులు బాగుచేసి సంసారం లాగాడట. ఉద్యోగం మళ్ళీ ఇచ్చినా పేరు మాత్రం అతుక్కుపోయింది. రిటైరయ్యాక ఊసుపోక మళ్ళీ ఆ చూరు కిందే చేరాడు. లైనులో అందరి గొడుగులూ ఆయన చేతిలో పడినవే, మా ఇంటిది తప్ప. మా గొడుగు ఊచ విరిగితే మామ్మ దారంతో కట్టేది. ఆయనా మా తాతా మాట్లాడుకునేవారు కాదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. నాకు తెలిసిన లోకంలో అది ముందు నుంచీ అలాగే ఉంది, కుళాయి వీధి చివర ఉన్నట్టు.

గొడుగు పుట్టినరోజు సాయంత్రం ఆయన నన్ను వేలు పెట్టి పిలిచాడు.

"ఓ పంతులమ్మా, ఇలా రా. గొడుగు ఇయ్యాలే పుట్టినాదని ఎవుడు సెప్పినాడు నీకు?"

కాళ్ళ వేళ్ళు చూసుకున్నాను. "నేనే పుట్టించినాను," అన్నాను. నాకే వినబడనంత మెల్లగా.

ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. "బాగున్నాది! పొద్దుటేల నుంచి నలుగురు గొడుగులు తెచ్చినారు. నువ్వు నాకు మేనేజరుగా ఉండిపో." ముడీ దాదాని కేకేసి ఆవనూనె, పచ్చిమిర్చి కలిపిన ముడీ పొట్లం నాకిప్పించాడు. నేను తింటుంటే గొంతు తగ్గించాడు.

"అయినా అబద్ధాలొద్దు గుంటా. బోర్డు మీద రాసినాది జనం నమ్ముతారు. నిజమైనదొకటి నేనిస్తాను. రేపటి తారీకుది. అచ్చంగా మనది."

పనిముట్ల పెట్టె అడుగు నుంచి ప్లాస్టిక్ కవరు తీసి, దాంట్లోంచి మడతలు నలిగిన గోధుమరంగు కాగితం తీశాడు. ఆయన ఉద్యోగం తీసేసిన కాగితం అది. సమ్మె మొదలైన తేదీ అందులో టైపు కొట్టి ఉంది. అన్నాళ్ళకి నా చేతిలో ఒక అసలైన తేదీ పడింది.

"రాసుకో. ఈ రోజున పెద్ద సమ్మె మొదలైనాది. వర్క్‌షాపు సైరను మోగినా మన లైను నుంచి..." అని ఆగాడు. లైను ఈ చివర, మా ఇంటి వైపు చూశాడు. కాగితం మళ్ళీ మడత పెట్టుకున్నాడు. "మన లైను నుంచి ఒక్కరు కూడా పనిలోకి ఎళ్ళలేదు. ఒక్కరు కూడా. అలాగే రాయి."

ఆ రాత్రి చాక్‌పీసుల గిన్నెలో రెండు చెంచాల పంచదార ఎక్కువే వేశాను. నిజమైన చరిత్ర కదా, గాలికి పోకూడదని.

ఇంట్లో మా తాత గిన్నె చూసి నవ్వాడు. "రేపు ఏటుందే?"

"చెప్పను."

"సెప్పకు. బోర్డు మీదే సదువుకుంటాను."

మా తాత రోజూ సంచీ పట్టుకుని బజారుకి వెళ్ళి పదింటికి ఆ దారినే తిరిగొచ్చేవాడు. బోర్డు ముందు సంచీ కింద పెట్టి, వేలు గాల్లో కదుపుతూ, ఒక్కో మాటా పైకి చదివేవాడు. నా రాత అక్కడ ఉన్నంతకాలం ఒక్కరోజు కూడా మానలేదు. ఒకసారి జ్వరంతో ఉండి కూడా వచ్చాడు, మఫ్లరు చుట్టుకుని. నేను అక్షరాలు అంత గుండ్రంగా రాసేది ఆయన కోసమే. పదింటి వేళకి క్లాసు కిటికీలోంచి గోడ మీదుగా ఆయన తల చూసుకునేదాన్ని.

ఎండాకాలం కాబట్టి బడి పొద్దున్నే. ఆరున్నరకల్లా రాసేశాను. 'దేశ చరిత్రలో పెద్ద సమ్మె ఈ రోజున మొదలైంది. వర్క్‌షాపు సైరను మోగినా మన లైను నుంచి ఒక్కరు కూడా పనిలోకి వెళ్ళలేదు.' 'ఒక్కరు కూడా' అన్న మాటల కింద గీత గీశాను. రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాను. ఎప్పుడూ అంత బాగా రాయలేదనిపించింది.

జనం ఆగడం మొదలుపెట్టారు. సైకిలు దిగి ఒకాయన చదివి, మళ్ళీ ఎక్కాడు. పాలక్యానుతో ఇంకొకాయన నా వైపు వింతగా చూశాడు. పిల్లాడిని దింపడానికొచ్చిన పక్క లైను అత్త మాత్రం పైకే చదివి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఓలమ్మ! ఒక్కరూ ఎళ్ళలేదంట! మరి ఈ గుంట వాళ్ళ నాన్నకి ఉద్యోగం ఆకాశంలోంచి ఊడిపడినాదేటి?"

"ఊరుకో అప్పా, పిల్ల ఇంటాది," అంది పక్కనున్న ఆవిడ.

"ఇననీ. దానికెవుడు సెప్పినాడో ఇలాగ రాయమని! సమ్మెలో అందరూ బయటుంటే ఆ లైనులో ఆళ్ళ తాతొక్కడే కదా డ్యూటీకెళ్ళినాడు. ఎళ్ళినోళ్ళ పిల్లలకేగా ఉద్యోగాలిచ్చినారు? ఊరంతా ఎరిగిన ముచ్చటే." నా వైపు తిరిగి, కొంచెం జాలిగానే, "మీ తాతనడగవే," అంది.

గంట కొట్టారు. ప్రార్థనలో నా పెదాలు కదిలాయి గానీ ఏం పాడానో తెలీదు.

నాన్న పద్దెనిమిది నిండగానే ఉద్యోగంలో చేరానని చెప్పుకునేవాడు. మా బియ్యం, నా యూనిఫారం, ఆ నోటుబుక్కు, అన్నీ దాంట్లోంచి వచ్చినవే. అవన్నీ ఒకవైపు, బోర్డు మీద గీత గీసిన రెండు మాటలు ఇంకోవైపు. పదింటికి తాత వస్తాడు. సంచీ కింద పెడతాడు. వేలు కదుపుతూ పైకి చదువుతాడు, మనవరాలి చేత్తో రాసిన ఎగతాళిని. ఆయన అలాగే అనుకుంటాడు. నేను తెలిసే రాశాననుకుంటాడు.

లెక్కల క్లాసులో మాస్టారు గడియారం లెక్క చెబుతున్నారు. నేను నిజం గడియారం చూస్తున్నాను. ఎనిమిదిన్నర. తొమ్మిది. తొమ్మిదింబావుకి మంచినీళ్ళ గంట కొడితే పరుగెత్తాను. జేబురుమాలు కుళాయి కింద తడిపి బోర్డు రుద్దాను. పంచదార రాత కదలలేదు. పీచు గదిలో పెట్టి తాళం వేసి ఉంది. గోళ్ళతో గీకాను. 'ఒక్కరు' మీద చీమలు చెదిరి నా వేళ్ళకి పాకాయి, కుట్టాయి. తడిసి నల్లబడిన బోర్డు మీద మిగతా అక్షరాలు ఇంకా తెల్లగా తేలాయి.

"ఏం చేస్తున్నావమ్మా?" తెలుగు మాస్టారు వెనకే నిలబడ్డారు. "రాసినది రేపటిదాకా చెరపకూడదని చెప్పలేదా?"

చెప్పడానికి నోరు తెరిచాను.  మాస్టారి భుజం మీదుగా చూస్తే తాత వచ్చేస్తున్నాడు. ఆ రోజే తొందరగా. సంచీలోంచి మునగకాడలు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి.

సంచీ కింద పెట్టాడు. వేలెత్తాడు.

"దేశ... సరిత్రలో... పెద్ద సమ్మె..." వేలు ఆగింది. తర్వాతిది పైకి చదవలేదు. పెదాలు మాత్రం చివరిదాకా కదిలాయి. ఎదురు చూరు కింద గొడుగుల తాత చేతిలో పని ఆపి ఇటే చూస్తున్నాడు. నేను ఏడవడానికి సిద్ధంగా ఉన్నాను.

"మాస్టారూ, ఒక చాక్‌పీసు ఇవ్వండి," అన్నాడు తాత.

"ఎందుకండీ?"

"తప్పున్నాది. దిద్దాలి."

మాస్టారు జేబులోంచి ముక్క తీసిచ్చారు. తాత వంగి, నా గుండ్రటి వరసల కింద, తన చేత్తో రాశాడు. చెయ్యి బాగా వణికింది. ఒక్కో అక్షరం ఒక్కో వైపు ఒరిగింది. 'ఒకడు ఎళ్ళినాడు.' దాని పక్కన పేరు రాయలేదు. వర్క్‌షాపులో హాజరుకిచ్చే తన టికెట్ నంబరు రాశాడు. ఆ తరం వాళ్ళు ఒకరి పేరు ఒకరు మర్చిపోయినా నంబరు మర్చిపోరు.

గొడుగుల తాత రోడ్డు దాటి వచ్చాడు. చేతిలో ఇంకా ఎవరిదో గొడుగు బట్ట ఉంది.

తాత తిరిగి చూశాడు. "ఈ గుంట చేత ఇలాగెందుకు రాయించినావు?"

"మరేటి రాయించమంటావు? రోజూ నువ్వొచ్చి సదువుకోడం నాను సూస్తన్నాను. నీ మనవరాలి చేత్తోనే నీ నంబరు రాయించమంటావేటి? ముప్పయ్యేళ్ళు దాటిపోనాది. పోనిమ్మన్నాను."

"నువ్వు పోనిస్తే పోయేదా? ఎళ్ళినోడు ఎళ్ళినట్టే ఉండాలి."

మూగిన వాళ్ళలోంచి ఒక ముసలావిడ, "పాపం, అప్పుడు ఆళ్ళింట్లో ఎనిమిదోనాటి పురిటిబిడ్డ ఉన్నాది కదా. క్వార్టరు ఖాళీ చేయించేస్తారని భయపడినాడు," అంది.

తాత ఆవిడ వైపు చూడలేదు. "ఈడింట్లోనూ పసోడు ఉన్నాడు. అందరిళ్ళల్లోనూ ఉన్నారు పిల్లలు," అన్నాడు.

"ఉన్నాడు," అన్నాడు గొడుగుల తాత.  "ఆ ఏడాది గంజి తాగే పెరిగినాడు. అది మాత్రం పోనివ్వలేదు నాను. తెలుసుకో."

"తెలుసు."

అంతే. గొడుగుల తాత రోడ్డు దాటిపోయాడు. తాత సంచీ ఎత్తుకుని ఇంటికి పోయాడు. నా వైపు చూశాడా లేదా అన్నది నాకు గుర్తులేదు. ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ ఒక్క చోట ఖాళీయే. మాస్టారు నా చేతులకి కుట్టిన చీమల్ని దులిపారు.

మధ్యాహ్నం ఇంటికెళ్తే మామ్మ చద్దన్నంలో ఉల్లిపాయ, పచ్చి మామిడికాయ ముక్క వేసి నా ముందు పెట్టింది. వార్త నాకంటే ముందే వచ్చేసింది. మామ్మ కోపంగా లేదు. ఎప్పటి నుంచో చెప్పాలనుకున్నది చెప్పే వీలు దొరికినట్టు ఉంది.

"ఆ వారం రోజులూ మీ తాత ఇంటికి రాలేదు. ఎళ్ళినోళ్ళని లోపలే ఉంచీసినారు. నాను బాలింతని, ఒళ్ళో మీ చిన్నత్త. లైనులో ఆడోళ్ళు మన గుమ్మంలో గాజులు పడేసి పోయినారు, మీ ఆయన్ని తొడుక్కోమని. పచ్చ గాజులు."

"నువ్వేం చేశావు?"

"తొడుక్కున్నాను. సైజు సరిపోయినాయి. కుళాయి దగ్గరికి అవే ఏసుకుని ఎళ్ళినాను, సూసుకోండని." చుట్ట తీసి బూడిద రాల్చింది. "నీళ్ళు పట్టుకోనియ్యలేదనుకో. అయినా ఎళ్ళినాను."

సాయంత్రం వైశాఖపు గాలివాన లేచింది. ఆకాశం ఇనుము రంగుకి తిరిగింది. రేకులు దడదడలాడుతుంటే నాన్న సైకిలు వచ్చింది. తడిసిన చొక్కా కూడా విప్పకుండా నాన్న వరండాలో తాత ముందు నిలబడ్డాడు. నాన్న గట్టిగా మాట్లాడగా నేను విన్నది ఆ ఒక్కసారే.

"నలుగురిలో ఆ మాట అనడానికి నీకెవుడు అధికారం ఇచ్చినాడు నాన్నా?"

"నా మాట నాను సెప్పుకున్నాను."

"నీదొక్కడిదేనా అది? ఆ ఉద్యోగం చేసినోడిని నేను! ముప్పయ్యేళ్ళు తల దించుకుని, ఎవుడి ఓవర్‌టైముకీ అడ్డం పోకుండా, ఎవుడూ ఆ ఊసెత్తకుండా నెట్టుకొచ్చినాను. ఇయ్యాల సెక్షన్లో ప్రతి నాయాలూ నన్నే సూసినాడు. నువ్వు దిద్దుకున్నావు, బాగానే ఉన్నాది. నేనేటి దిద్దుకోవాల? నేను ఎళ్ళలేదు, మానలేదు. నాకు పద్దెనిమిదేళ్ళు!"

 వాన జల్లు లోపలికి కొడుతుంటే తాత కుర్చీ జరుపుకున్నాడు. నేను తలుపు చాటున నిలబడి, ఇదంతా నా రాత వల్లనే అనుకున్నాను. మర్నాడు పొద్దున్న పీచుతో బోర్డు రుద్దాను. నా వరసలు రుద్దితే గానీ పోలేదు. తాతది మామూలు చాక్‌పీసు రాత. రాత్రి వానకే పోయింది.

ఆ తర్వాత ముసలాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. స్నేహం కాదు. రోజూ పదింటికి చూరు కింద పోట్లాట. సమ్మె ఎన్ని రోజులు నడిచింది, ఎవరు ముందు పరుగెత్తారు, నాయకుల్లో ఎవరు దొంగ. "నువ్వు లోపలున్నావు, నీకేటి కనపడింది?" అని ఆయన. "లోపల్నుంచే బాగా కనపడతాది," అని ఈయన. ముడీ దాదా, "ఆబార్ షురూ!" మళ్ళీ మొదలెట్టారని నెత్తి కొట్టుకునేవాడు. మా గొడుగు మాత్రం మామ్మ దారంతోనే ఉండిపోయింది. రెండేళ్ళు అలా పోట్లాడుకుని, ఒక చలికాలం ఇద్దరూ నెల తేడాలో పోయారు.

తాత పోయేదాకా నాన్న ఆయనతో అన్నీ మాట్లాడాడు, మందుల గురించి, కరెంటు గురించి, క్రికెట్టు గురించి. ఆ ఒక్కటీ తప్ప.

తర్వాత కొన్నేళ్ళకి నాన్న రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో చదవడానికి నాలుగు మాటలు రాసిమ్మని నన్నే అడిగాడు. పై అధికారులకి కృతజ్ఞతలు, తోటివాళ్ళకి నమస్కారాలు, అన్నీ రాశాను. చివర రెండు వాక్యాలు నా అంతట నేనే చేర్చాను. 'సమ్మె రోజుల్లో మా నాన్న పనిలోకి వెళ్ళినందుకు నాకు ఈ ఉద్యోగం వచ్చింది. ఆ రోజుల్లో ఉద్యోగాలు పోయినవాళ్ళ ఇళ్ళకి నేను చెప్పవలసిన మాట ఒకటి మిగిలి ఉంది.' ఆడవాళ్ళ వరసలో చివర కూర్చున్నాను. నాన్న కళ్ళజోడు పెట్టుకుని బాగానే చదువుకుంటూ వచ్చాడు. ముందు వరసలో గొడుగుల తాత కొడుకు ఉన్నాడు. గంజి తాగి పెరిగిన ఆ పసివాడు. ఎన్నో ఏళ్ళు పరీక్షలు రాసి, వయసు దాటిపోయే ముందు వర్క్‌షాపులో చేరినవాడు. నాన్న ఆ రెండు వాక్యాల ముందు తలెత్తి అతన్ని చూశాడు. కాగితం మడిచాడు. కూర్చున్నాడు. గొంతు పూడుకుపోయిందనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చాక రజనీగంధ దండలు తీసి కుర్చీకి తగిలిస్తూ అడిగాడు.

"ఆ రోజు బోర్డు మీద రాసేటప్పుడు తాత చెయ్యి వణికిందేటి?"

"వణికింది నాన్నా. బాగా."

"అయినా రాసినాడు," అన్నాడు. 

ఆ కాగితం ఇప్పటికీ నాన్న దగ్గరే ఉంది. రోజూ సాయంత్రం న్యూ సెటిల్‌మెంట్‌లో టీ బడ్డీ దగ్గర పాత వర్క్‌షాపువాళ్ళు కూర్చుంటారు. డ్యూటీ దిగి గొడుగుల తాత కొడుకూ అక్కడికే వస్తాడు. నాన్న జేబులో కాగితం పెట్టుకుని వెళ్తాడు, కాగితంతోనే తిరిగి వస్తాడు. చొక్కా ఉతకడానికి వేసినప్పుడు అమ్మ దాన్ని తీసి మరో చొక్కా జేబులోకి మారుస్తుంది. మడతల దగ్గర చిరిగితే నా బల్ల మీద పెడుతుంది. నేను కొత్త కాగితం మీద మళ్ళీ రాసిస్తాను. ఇప్పటికి నాలుగుసార్లు రాశాను. మా ముగ్గురిలో ఎవరం దాని గురించి మాట్లాడుకోము.

ఇవాళ మధ్యాహ్నం భోజనం చేసి లేస్తూ నాన్న మొదటిసారి తనే అడిగాడు.

"ఆ కాయితం మళ్ళీ రాసి పెట్టమ్మా. అక్షరాలు కుంచెం పెద్దగా రాయి. కళ్ళజోడు లేకపోయినా కనపడాల."

పైన కృతజ్ఞతలూ నమస్కారాలూ వదిలేసి ఆ రెండు వాక్యాలే రాసిచ్చాను. చూసి జేబులో పెట్టుకున్నాడు. నాలుగున్నరకి వెళ్ళాడు. రోజూ ఆరింటికల్లా వచ్చేస్తాడు. అమ్మ రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి చూసి వచ్చింది. నేను ఈ పేజీలు రాస్తూ మధ్యలో నాలుగుసార్లు లేచాను. ఏడవుతోంది, ఇంకా రాలేదు.